ఐసు పెట్టె కాళ్ల వైపు ఫ్యాను

పోతులమెరక గ్రామ పంచాయతీ కార్యనిర్వహణాధికారి గారి సముఖమునకు,
అదే గ్రామం చర్చి వీధి కాపురస్తురాలు నేలపూడి సరోజిని, భర్త కీ.శే. బాబూరావు, వ్రాసుకొన్న అర్జీ.

ఆగస్టు, 2007

అయ్యా,

విషయం: చనిపోయినవారిని ఉంచే పంచాయతీ ఐసు పెట్టెలో కాలిపోయిన ఫ్యాను మోటారు తీసివేసి, నేను తెచ్చిన కొత్త మోటారు బిగించుటకు అనుమతి కోరుట గురించి.

1. సదరు పెట్టె కువైట్టులోను, మస్కట్టులోను ఇళ్లలో పని చేసుకునే మా ఊరి ఆడవాళ్లం తలా కొంత పంపి కొన్నది. దేశంలో లేని మాకు ఇంట్లో ఎవరైనా పోతే మేము వచ్చేదాకా మనిషిని ఉంచుతారని కొన్నాము. చర్చిలో పెడితే ఒక్క చర్చి వాళ్లదే అనుకుంటారని, ఊరందరికీ ఉండాలని పంచాయతీకి అప్పగించాము. అందుచేత అది ఇప్పుడు ప్రభుత్వ సామాను అయినది.

2. గత వేసవిలో నా ఒక్క కొడుకు జాయ్, అమలాపురంలో ఇంటరు చదువుతున్నవాడు, పచ్చకామెర్లతో చనిపోయినాడు. అప్పుడు నేను కువైట్టులో ఉన్నాను. మా యజమానురాలు ఊళ్లో లేరు, పాస్‌పోర్టు ఆమె బీరువాలో ఉన్నది. ఆమె వచ్చి తాళం తీసేదాకా నా బాబును ఈ పెట్టెలో ఉంచినారు.

3. మా ఆడపడుచు సూర్యావతికి ఫోను చేసి, "వదినా, సెల్లు ఆ పెట్టె అద్దం మీద పెట్టవా, వాడితో మాట్లాడతాను" అన్నాను. పెట్టింది. నేను మాట్లాడినంతసేపూ అవతల గుయ్యిమని ఒకటే చప్పుడు. అది ఫ్యాను చప్పుడని నాకు తెలుసు. తెలిసి కూడా, వాడు వింటున్నాడు అనుకుని మాట్లాడాను. ఇది అర్జీలో వ్రాయవలసినది కాదేమో, కానీ తర్వాతి సంగతి దీనివల్లనే తెలిసినది.

4. మర్నాడు మళ్లీ చేస్తే ఆ చప్పుడు లేదు.

"వదినా, పెట్టె పలకడం లేదేంటి?"

"అంతా బానే ఉందమ్మా. నువ్వు ముందు బయలుదేరు."

"కరెంటు ఉందా?"

"ఉందే తల్లీ, లైటు వెలుగుతోంది."

నేను గట్టిగా ఏడిస్తే అప్పుడు వెళ్లి చెయ్యి పెట్టి చూసింది. అద్దం వెచ్చబడినది. ఫోను చెవికి ఉండగానే "అయ్యో జాయ్" అన్నది.

5. రాజోలు నుంచి ఫ్రిజ్‌ల మెకానిక్కు శ్యామ్ బాబును పిలిచినారు. ముందు గ్యాసు పోయిందని చెప్పి, గ్యాసు బండకు రాజమండ్రి మనిషిని పంపినాడు. పూట పోయినది. గ్యాసు పట్టినా చల్లబరిచే మిషను కాసేపు లేచి, వేడెక్కి, టక్కుమని ఆగిపోతున్నది. అప్పుడు కాళ్ల వైపు జాలీ విప్పినాడు. లోపల బంతిపూల రెక్కలు ముద్దలుగా ఉన్నాయి. దండ దారం ఫ్యాను ఇరుసుకు చుట్టుకుపోయి రెక్క కదలడం లేదు. దారం కోసి వేలితో తిప్పితే తిరిగింది గాని, కరెంటు ఇస్తే తిరగలేదు. మోటారులో రాగి తీగ చుట్ట కాలి వాసన వచ్చినది.

శ్యామ్ బాబు తర్వాత నాకు చెప్పినాడు: "ఆ ఫ్యాను లోపల చల్లగాలి విసిరేది కాదండీ, సరోజినమ్మ గారూ. మిషను వేడిని బయటికి తోలేది. అదాగిపోతే మిషను తన వేడికి తనే ఆగిపోద్దండీ. నేను ముందే జాలీ విప్పాల్సింది."

నేను అతన్ని ఏమీ అనలేదు. పూలు వేసినవాళ్లనూ అనలేదు. దండలు కాళ్ల దగ్గరే కదా పెడతారు! జాలీ ఎక్కడున్నదో ఎవరు చూస్తారు? నేనే ఉంటే నేనూ అక్కడే పెడుదును.

6. జాలీకి ఎదురుగా మా టేబుల్ ఫ్యాను పెట్టి కాసేపు నడిపించినారు. కరెంటు పోయినది. రొయ్యల ఫ్యాక్టరీ నుంచి ఐసు దిమ్మలు, రంపపు పొట్టు తెచ్చినారు. ఎండలు మామూలు ఎండలు కావు. చివరకు పాస్టరు గారు, "తల్లి చూడగలిగేటట్టు ఉన్నప్పుడే సాగనంపుదామమ్మా" అన్నారట. కానీ నేను చూడలేదు కదండీ. హైదరాబాదులో దిగి, బస్సెక్కి, రావులపాలెంలో మారి, నేను వచ్చేటప్పటికి మట్టి ఇంకా తడిగానే ఉన్నది.

7. అటు తరువాత సదరు మోటారు మార్చవలెనని నేను తమ ఆఫీసుకు తిరుగుచున్నాను. శ్యామ్ బాబు పాత మోటారు పట్టుకెళ్లి, అదే కొలత, అదే వైపు తిరిగేది రాజమండ్రిలో చూసి తెచ్చినాడు. జాయ్ తువ్వాలులో చుట్టి నా బీరువాలో పెట్టుకున్నాను. అప్పుడప్పుడు తీసి ఇరుసు వేలితో తిప్పి చూస్తాను. బాగానే తిరుగుతున్నది.

8. తమ గుమాస్తా వరప్రసాదం గారు చెప్పినదేమనగా, ప్రభుత్వ సామానులో ప్రైవేటు సామాను బిగించకూడదట, ఇంజనీరు గారు ఎస్టిమేటు వెయ్యాలట. ఇంజనీరు గారి దగ్గరకు వెళితే, "నేను రోడ్లకి, కల్వర్టులకి వేస్తానమ్మా. ఫ్యానులు నాకేం తెలుస్తాయి?" అన్నారు. మళ్లీ వరప్రసాదం గారి దగ్గరకు వచ్చినాను. ఆయన చెడ్డవారు కారు, కుర్చీ వేసి కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చినారు. కానీ, "మీ అబ్బాయి కార్యక్రమం అయిపోయింది కదండీ, ఇంక మీకీ పెట్టెతో పనేంటండీ?" అన్నారు.

నాకు పని లేదండీ. నా ఇంట్లో ఇంక పెట్టెలో పడుకోబెట్టడానికి నేను తప్ప ఎవరూ లేరు. నా కోసం ఎవరూ విమానం ఎక్కి రానక్కర లేదు.

9. మా పక్కింటి బుచ్చమ్మ గారు పెద్ద ప్రాణం, మంచాన ఉన్నది. ఆమె కూతురు చిన్నమ్మలు మస్కట్టులో ఉన్నది. సెలవు అడిగితే అక్కడి ఇంటివాళ్లు, "చనిపోయాక కబురు వస్తే పంపుతాం" అన్నారట. చిన్నమ్మలు ఫోను చేసిన ప్రతిసారీ ముందు అమ్మ ఎలా ఉందని అడగడం లేదు, "పిన్నీ, పెట్టె బాగు చేసేరా?" అని అడుగుతున్నది. నేను, "ఆయ్, అయిపోతుందమ్మా" అంటున్నాను. ఇక అబద్ధం చెప్పలేను.

బుచ్చమ్మ గారు మాత్రం నవ్వుతుంది. "ఆ మోటారేదో బిగించేదాకా నేనాగుతాలేవే, సరోజినీ! కంగారు పడకు. నా దండలు మాత్రం ఆ కాళ్ల వైపు పెట్టనివ్వకు" అంటుంది. రాత్రి దగ్గు మొదలైతే ఆగేటట్టు లేదండీ.

10. కావున నేను కోరునది ఏమనగా, పంచాయతీ వారు ఒక్క పైసా పెట్టనక్కర లేదు. జాలీ విప్పి మోటారు మార్చుకోమని ఒక కాగితం మీద సంతకం చేస్తే చాలును. శ్యామ్ బాబు కబురు పెడితే వస్తానన్నాడు. మరియు పెట్టెకు కాళ్ల వైపు ఎర్ర రంగుతో "ఇటు పూలు పెట్టరాదు, దుప్పటి కప్పరాదు" అని వ్రాయించవలెను. చదువు రానివాళ్లకు తెలిసేటట్టు ఒక దండ బొమ్మ వేసి అడ్డంగా గీత కొట్టించవలెను. తల వైపు ఎన్ని పూలైనా పెట్టుకోవచ్చును.

ఈ అర్జీని పాత కాగితాల కింద పెట్టకుండా, బుచ్చమ్మ గారు ఊపిరితో ఉండగానే తమరు దయతో చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
నేలపూడి సరోజిని
(జాయ్ వాళ్ల అమ్మ)

తా.క. మోటారు బిగించాక పెట్టెను ఒక పూట ఖాళీగా నడిపి చూడాలని శ్యామ్ బాబు చెప్పినాడు. ఆ పూట నన్ను దాని పక్కన కూర్చోనివ్వండి. దేన్నీ ముట్టుకోను, ఎవరికీ అడ్డం రాను, ఏడవను. ఆ చప్పుడు నేను ఫోనులో విన్నదే గాని దగ్గరగా ఎప్పుడూ వినలేదండీ బాబూ.