వాలు చూసి ఆపే ట్రాక్టర్

డిసెంబర్ 3, మంగళవారం
బుచ్చయ్యపేట వైపు నుంచి చిన్నమ్మలు అనే రైతు నా రిపేరు షాపుకి వచ్చింది. ఇంజన్‌ని స్టార్ట్ చేసే పాత ట్రాక్టర్ సెల్ఫ్ మోటార్‌ని గోనెసంచిలో చుట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. భర్త సన్యాసిరావు పోయి ఏడాది. ట్రాక్టర్ తనే నడుపుతోంది. తాళం తిప్పితే టక్ మంటాది మేస్త్రీ, మరేటీ అనదు అంది.

డిసెంబర్ 4
విప్పాను. కార్బన్‌లు అరిగాయి, బుష్‌లు వదులు. మార్చాను. బెంచీ మీద బ్యాటరీ ఇస్తే గిర్రున తిరిగింది.

సాయంత్రం తీసుకెళ్ళడానికి వచ్చింది. నేను ఏమీ అడగలేదు, తనే చెప్పింది. ఇంజన్ ఆగితే తొయ్యడానికి మరిది నానాజీని పిలవాలట. ఇదిగో వత్తన్నాను వదినా అని, అన్నం తిని, కునుకు తీసి వస్తాడట. వచ్చినప్పుడల్లా ఒకటే పాట: నీకెందుకీ గొడవ, పొలం నాకు కౌలుకిచ్చీ. అందుకని వాలు కనిపిస్తే తప్ప ఇంజన్ ఆపదు; వాలులో అయితే బండి దానంతటదే దొర్లి అందుకుంటుంది. వాలు దొరక్కపోతే ఇంజన్ మోగుతుండగానే అన్నం తింటుంది. ఈ ఏడు సెరుకు నేను తోలలేకపోతే పై ఏడు పొలం ఆడిదే అంది.

సంచి మూతి కట్టి ఇచ్చాను.

డిసెంబర్ 6
ఫోన్ చేసింది. సెల్ఫ్ బండికి బిగించారట. మళ్ళీ టక్. అంతే.

డిసెంబర్ 7
మళ్ళీ తెచ్చింది. బెంచీ మీద మళ్ళీ తిరిగింది. నీ బల్ల మీదైతే బాగానే ఆడతాది, మా ఊరొత్తే మూగదైపోతాది అంది. రేపు నేనే వస్తానన్నాను. మా ఆయన ఆ మోటార్‌ని చూసినట్టు నన్ను ఒక్కరోజూ చూడలేదని నా భార్య రెహానా ఆమెతో చెప్పింది. ఇద్దరూ నవ్వారు.

డిసెంబర్ 8, ఆదివారం
వాళ్ళ ఊరు వెళ్ళాను. ముసలి బండి, రంగు మాత్రం నిగనిగలాడుతోంది. ప్రతి దసరాకీ పూజకి ముందు సన్యాసిరావు వైర్లన్నీ ఊడదీసి, మొత్తం రంగు వేసి, మళ్ళీ బిగించేవాడట. నానాజీ గట్టు మీద కూర్చున్నాడు. ఈ బండి మా అన్న మాటే ఇనీది కాదు బాయ్, నీ మాటేటి ఇంటాది అన్నాడు.

బ్యాటరీ నెగెటివ్ నుంచి సెల్ఫ్ బాడీకి విడిగా ఒక వైరు పెట్టాను. ఇంజన్ అందుకుంది. సెల్ఫ్ మంచిదే. బ్యాటరీ నుంచి బండి ఇనుముకి కలిపే ఎర్త్ వైరు రంగు మీద బిగించి ఉంది. రంగు కరెంటుని పోనివ్వదు. ముందు చూడాల్సింది ఇదే. నేను బుష్‌లు చూశాను.

ఇక్కడ రంగు గీకాలన్నాను. మా ఆయన ఏసిన ఆఖరు రంగు మేస్త్రీ అంది చిన్నమ్మలు. నేను పక్కకి జరిగి నిలబడ్డాను. తర్వాత ఎమరీ పేపర్ నా చేతిలోంచి తీసుకుని తనే రుద్దింది. ఎరుపు కింద ఎరుపు, దాని కింద మళ్ళీ ఎరుపు. చివరికి ఇనుము.

వైరు బిగించాను. తాళం తిప్పింది. అందుకుంది. ఆపి, మళ్ళీ తిప్పింది. నానాజీ లేచి లుంగీ దులుపుకున్నాడు. మరి నేనెల్తాను వదినా అన్నాడు. ఎల్లు, కునుకు తియ్యి అంది.

డిసెంబర్ 9
పని లేదు. తీసేసిన బుష్‌లు డబ్బాలో వేశాను.

డిసెంబర్ 19, గురువారం
చిన్నమ్మలు తన చెరుకు ఆడించిన బెల్లం దిమ్మలు ట్రాక్టర్ నిండా వేసుకుని మార్కెట్టుకి వచ్చింది. దారిలో మా షాపు ముందు ఆగింది. ఇక్కడ రోడ్డుకి వాలు లేదు. ఇంజన్ ఆపేసింది. టీ తాగింది. ఇంకో టీ చెప్పమంది.