ఎఫ్ వన్ నొక్కితే తెల్లపేజీ

మస్తాన్ తమ్ముడూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన మిర్చి కోల్డ్ స్టోరేజీలో నువ్వు తయారుచేసిన సాఫ్ట్‌వేర్ మీదే ఇప్పటికీ పనిచేస్తున్నాను.

మొన్న అది తెరుచుకునే బ్రౌజర్ అప్‌గ్రేడ్ అయింది. అప్పట్నుంచీ ఎఫ్ వన్ నొక్కితే, నువ్వు మా కోసం తెలుగులో రాసిపెట్టిన హెల్ప్ రావడం లేదు. ఉత్త తెల్లపేజీ వస్తోంది. ఇప్పుడు కంప్యూటర్లు చూసే అతనికి ఫోన్ చేస్తే, "ఆ పాత హెల్ప్ ఎవరు చదువుతారు మేడం, తీసేద్దాం" అన్నాడు. "దాన్ని ముట్టుకున్నారంటే ఊరుకోను" అని ఫోన్ పెట్టేశాను.

అతను అన్నదాంట్లో తప్పేముంది? నేను మాత్రం ఎప్పుడు చదివాను? ఆ రోజు బస్తాలకి అంటించే చీటీలు ప్రింట్ కాక నీకు ఫోన్ చేశాను. "ఎఫ్ వన్ నొక్కక్కా, అందులో రాశాను" అన్నావు. "బయట రైతులు అరుస్తుంటే నేను చదువుతూ కూర్చోనా? ముందు నువ్వు రా" అని కసిరాను. బండి మీద బయల్దేరావు. బైపాస్ దగ్గర లారీ గుద్దింది.

ఇవాళ పట్టుబట్టి కూర్చున్నాను. సెట్టింగ్స్ అంతా వెతికి, పాత పేజీల్ని పాత పద్ధతిలోనే తెరవమనే చోట టిక్ పెట్టి, బ్రౌజర్ మూసి మళ్ళీ తెరిచాను. నీ హెల్ప్ వచ్చింది.

"చీటీలు రావడం లేదా అక్కా? ప్రింటర్ ఆపి, పది లెక్కపెట్టి, మళ్ళీ ఆన్ చెయ్యి. వచ్చేస్తాయి."

అన్నిటికంటే పైన అదే రాశావు తమ్ముడూ. పేజీ కిందికి జరపాల్సిన పని కూడా లేదు.