మూత మీద కాలు పెట్టని మనిషి

చెల్లికి,

అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ వదినా బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ నీ కుట్టు మిషనూ ఆగకుండా తిరుగుతున్నారనే అనుకుంటున్నాను.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటే, ఈ ఇంట్లో ఫోన్ మోగితే ముందు మీ వదిన చెవులు నిక్కబొడుచుకుంటాయి. విషయం రహస్యం. నీ మేనకోడలు పోయిన ఆదివారం ఊరొచ్చి, భోజనం దగ్గర "నాన్నా, నేనొకతన్ని చేసుకుందామనుకుంటున్నా" అంది. ఉప్పు ఇటు జరపమన్నంత తేలిగ్గా అంది! ఆ అబ్బాయి మీ వీధి చివర కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడట. పిల్ల పనిచేసే రక్తపరీక్షల లాబు ఆ పక్కనే కదా, అలా పరిచయమట. మీ వదిన అప్పటికప్పుడే సరే అనేసింది. నేను ఆరా తీస్తున్నానని తెలిస్తే నన్ను బతకనివ్వదు.

చదువూ జీతమూ నాకక్కర్లేదు. అతను ఎలా నడుస్తాడో చెప్పు, చాలు. ఉద్యోగం చేసినంతకాలం బడిపిల్లలకి డ్రిల్లు నేర్పినవాణ్ణి, నడక చూసి మనిషిని చెప్పేస్తాను. చూపు ముందుకు పెట్టి ముక్కుసూటిగా నడిచేవాడు సంసారం నిలబెడతాడు. వంకర నడకవాడు కొంప ముంచుతాడు. రోజూ సాయంత్రం నీ కిటికీకి ఎదురు ఫుట్‌పాత్ మీదుగానే ఇంటికి వెళ్తాడట. పొడుగ్గా ఉంటాడు, మందపాటి కళ్ళజోడు, భుజానికి ఆకుపచ్చ సంచి. చూసి రాయి. నడక బాగుంటే పెళ్ళి, లేకపోతే లేదు.

జవాబు కోసం చూస్తూ,
అన్నయ్య

తా.క.: నా నీలం పాంటు నడుం దగ్గర పట్టేస్తోంది. ఉతుకుల్లో బట్ట కుంచించుకుపోయింది, నేను లావెక్కలేదు. వదులు చెయ్యడానికి వీలవుతుందా?

*

అన్నయ్యకి,

నమస్కారాలు. నువ్వు చెప్పిన అబ్బాయిని చూశాను. చూసినంతవరకు రాస్తున్నాను, నా మీద మాత్రం విరుచుకుపడకు.

మేడ మీది నా కిటికీ కింది సగానికి నా దుకాణం బోర్డే అడ్డం. ఎదురు ఫుట్‌పాత్ మీద వెళ్ళేవాళ్ళు నాకు నడుం నుంచి పైకే కనిపిస్తారు. కాళ్ళు కనపడవు. ఇక నడక గురించి అడిగావు కాబట్టి, కనిపించిన తలనీ భుజాలనీ బట్టి చెబుతున్నాను.

అబ్బాయి ముఖం మంచిది. కానీ తిన్నగా నడవడన్నయ్యా. నాలుగడుగులు బాగానే వేస్తాడు, టక్కున ఆగుతాడు. తల వంచుతాడు. పక్కకి తప్పుకుంటాడు. ఒకచోట ఫుట్‌పాత్ దిగి రోడ్డులోకి వచ్చేశాడు, స్కూటరువాడు తిట్టాడు, అతనికి నమస్కారం పెట్టి మళ్ళీ ఫుట్‌పాత్ ఎక్కాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. బట్టలు మాత్రం బాగా ఇస్త్రీ చేసినవి, కాలరు కూడా సరిగ్గా కూర్చుంది.

పిల్లతో ఏమీ అనలేదు. నువ్వూ తొందరపడకు.

చెల్లి

తా.క.: పాంటు పంపించు. నడుం దగ్గర లోపల మడత ఉంటే వదులు చేస్తాను. బట్ట కుంచించుకుపోతే పొడవు కూడా తగ్గాలి మరి, పొడవు గురించి నువ్వేమీ రాయలేదు.

*

చెల్లికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం చదివి మంచినీళ్ళు తాగి కూర్చున్నాను. ఇంకా ఏం చూడాలి? తాగుతాడు! ఇంకా పొద్దు గుంకకుండానే, దుకాణంలోంచి బయటికి రాగానే, రోడ్డు మీద తూలుతూ! పైగా స్కూటరువాడికి నమస్కారాలు! తాగినవాళ్ళకి వినయం ఎక్కువని నాకు తెలియదా?

తాగుడు కాకపోతే అప్పులవాళ్ళు. ఎదురుపడితే తల దించుకుని రోడ్డులోకి జారుకుంటున్నాడన్నమాట. రెండిట్లో ఏదో ఒకటి. రెండూ అయినా నేను ఆశ్చర్యపోను.

అయినా పిల్ల ఏడుస్తుంది. ఆ ఏడుపు నేను చూడలేను. కాబట్టి గట్టి రుజువు కావాలి. కిటికీ దగ్గర కూర్చుంటే లాభం లేదు. నువ్వు కిందికి దిగి అతని వెనకాలే నడువు. దగ్గరగా వెళ్ళి వాసన చూడు.

అన్నయ్య

తా.క.: పాంటు మాట ఇక ఎత్తకు. పిల్ల జీవితం కంటే పాంటు ఎక్కువా?

*

అన్నయ్యకి,

నమస్కారాలు. వెళ్ళాను. ఈ వయసులో నా చేత ఇలాంటి పనులు చేయిస్తున్నందుకు నీకు పుణ్యముంటుంది. మెడలో కుట్టు టేపు తియ్యడం కూడా మర్చిపోయి పరిగెత్తాను, దారంతా జనం నన్నే చూశారు.

వాసన సబ్బుదే. తాగడు. అప్పులవాళ్ళూ ఎవరూ ఎదురుపడలేదు. అసలు సంగతి కాళ్ళ దగ్గరుంది, అదే నా కిటికీకి కనపడలేదు. మ్యాన్‌హోల్ మూత వస్తే దాని చుట్టూ తిరిగి వెళ్తాడు. ఇనప జాలీ వస్తే దాటేస్తాడు. కదిలే పలక ఉంటే ముందు బూటు అంచుతో తట్టి, ఊగితే పక్కకి వెళ్తాడు. దుకాణాల ముందు సరుకు దించుకునే నేలమాళిగ తలుపులుంటాయి చూడు, అవి వచ్చాయంటే రోడ్డులోకి దిగిపోతాడు.

అవన్నీ చూస్తూ నేనూ కిందికే చూసుకుంటూ నడిచాను. అతను వెనక్కి తిరిగి "ఏమైనా పారేసుకున్నారా అండీ? వెతకమంటారా?" అని అడిగాడు. నాకు అబద్ధం తట్టలేదు.

"లేదు బాబూ, నువ్వు అలా నడుస్తున్నావేంటా అని చూస్తున్నాను" అన్నాను.

"మూతల మీద కాలు పెట్టనండీ. భయం" అన్నాడు, దాచుకోకుండా.

"ఎప్పుడైనా పడ్డావా?"

"లేదండీ. అందుకే పడలేదు."

నాకు నవ్వొచ్చింది, అతనూ నవ్వాడు. మీరెవరని అడిగితే పిల్ల మేనత్తనని చెప్పేశాను. ముఖం కాస్త పాలిపోయింది గానీ మర్యాదగానే మాట్లాడాడు.

చెల్లి

తా.క.: వెళ్ళేటప్పుడు ఆ మూతలన్నీ తొక్కుకుంటూనే వెళ్ళాను. వచ్చేటప్పుడు ఒక్కటి తొక్కడానికి కూడా కాలు రాలేదు. ఇంటికి చేరేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

*

చెల్లికి,

ఆశీస్సులు. తాగుబోతయినా బాగుండేది! మాన్పించేవాణ్ణి. పిరికివాణ్ణి ఏం చెయ్యను? ఇనప మూతకి భయపడేవాడు రేపు ఇంట్లో ఏ ఆపద వచ్చినా పిల్లని ముందుకు తోసి తను వెనక దాక్కుంటాడు. మన పిల్ల ఎప్పుడైనా దేనికైనా జంకిందా? దాన్ని తీసుకెళ్ళి ఆ పిరికి సన్నాసి చేతిలో పెట్టనా?

నా మాటగా పిల్లకి చెప్పెయ్యి. ఈ పెళ్ళి జరగదు. నేను చెబితే అది నా ముఖం చూస్తుంది, నాకు మాట రాదు. నువ్వే చెప్పు.

అన్నయ్య

తా.క.: మీ వదిన రెండు రోజులుగా నన్ను వింతగా చూస్తోంది. ఉత్తరాలు పోస్టు చెయ్యమని ఇచ్చేది తనకే కదా, కవరు మాత్రం గట్టిగానే అంటిస్తున్నాను.

*

అన్నయ్యకి,

నమస్కారాలు. నువ్వు చెప్పమన్నది చెప్పడానికే నిన్న ఇద్దరినీ పిలిచాను. ముగ్గురం నడుస్తూ వెళ్ళాం. నేను వెనకున్నాను, మాట ఎలా మొదలుపెట్టాలా అని బుర్ర గోక్కుంటూ.

మందుల దుకాణం దాటాక ఒక మేడకి రంగులేస్తున్నారు. గోడ పొడుగునా కర్రలు కట్టారు, ఇటు రోడ్డు పక్కన లారీ నిలబెట్టారు. రోడ్డులోకి దిగే వీలు లేదు. మధ్యలో ఒక మనిషి పట్టేంత సిమెంటు నేల, దాని పక్కన ఇనప మూత. పిల్ల ఏదో లాబు కబుర్లు చెబుతూ మూత వైపు నడుస్తోంది. ఆ అబ్బాయి పిల్ల భుజం పట్టుకుని సిమెంటు వైపుకి జరిపాడు. తను మూత మీద కాలు పెట్టాడు. కళ్ళు గట్టిగా మూసుకుని, చొక్కా వీపంతా చెమటతో తడిసిపోయి. మూత ఊగింది. అయినా దాటాడు. దాటాక స్తంభం పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు.

అతను సోడాలు తేవడానికి వెళ్ళినప్పుడు పిల్లని అడిగాను, చూశావా అని. "రోజూ అంతే అత్తా. తప్పించుకునే దారి లేకపోతే మూత వైపు తనే తీసుకుంటాడు. నేను చూశానని తెలిస్తే సిగ్గుపడతాడు, అందుకే కబుర్లు చెబుతూ ఉంటాను" అంది.

అన్నయ్యా, నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. భయం లేనివాడు మూత తొక్కితే అందులో ఏముంది? నువ్వు చెప్పమన్నది నేను చెప్పను. నీకు అంత కాదనాలని ఉంటే నువ్వే వచ్చి ఆ అబ్బాయి ముఖం మీద చెప్పు.

చెల్లి

తా.క.: నాకూ కోపం వస్తుందని నీకు గుర్తుచెయ్యడానికే ఈ తాజా కలం. ఇంకేం లేదు.

*

చెల్లికి,

ఆశీస్సులు. గురువారం నేను మీ ఊరొచ్చాను. నీ గుమ్మం ఎక్కకుండానే తిరుగు బస్సెక్కేశాను. కారణం చదివాక నువ్వే క్షమిస్తావు.

ముఖం మీదే చెబుదామని వచ్చాను. దుకాణం మూసే వేళకి మీ వీధి ఈ చివర నుంచి బయల్దేరాను. నిటారుగా, చూపు ముందుకు పెట్టి. అతను ఆ చివర నుంచి వస్తున్నాడు. చూస్తూనే పోల్చుకున్నాను. సరిగ్గా నీ కిటికీకి ఎదురుగా ఇద్దరం ఢీకొన్నాం. నొసలూ నొసలూ కొట్టుకుని కళ్ళు బైర్లు కమ్మాయి.

"తిన్నగా నడవలేవా?" అని గద్దించాను.

అతను నొసలు రుద్దుకుంటూ కిందికి చూసి "మీక్కూడానా అండీ?" అన్నాడు.

"ఏంటి నాక్కూడా?"

వేలు పెట్టి చూపించాడు. మ్యాన్‌హోల్ మూత. అతను అటువైపు నుంచి తప్పుకున్నాడు, నేను ఇటువైపు నుంచి తప్పుకున్నాను. ఇద్దరం ఒకే పక్కకి. నేను తప్పుకున్నట్టు నాకే తెలియదు! చూపు ఎప్పుడూ ముందుకే కదా, కాళ్ళు ఏం చేస్తున్నాయో ఏనాడూ చూసుకోలేదు.

నన్ను వాళ్ళ కళ్ళజోళ్ళ దుకాణంలోకి తీసుకెళ్ళి తడిగుడ్డ పెట్టాడు. నేనెవరో చెప్పాను. బస్టాండు దాకా తోడొచ్చాడు. దారి పొడుగునా ప్రతి మూత దగ్గరా ఇద్దరం కలిసే పక్కకి జరిగాం. ఈసారి నేను చూసుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

బస్సులో కూర్చున్నాక ఇంకోటి గుర్తొచ్చింది. మా బడి గేటు దగ్గర కాలవ మీద ఇనప జాలీ ఉంది. కవాతులో నా వెనక వరసంతా అక్కడ ఎడమకి వంపు తిరిగేది. అది కవాతులో భాగమనే అనుకుని, కొత్తగా వచ్చిన డ్రిల్లు మాస్టారికి కూడా పట్టుబట్టి నేర్పించి వచ్చాను. పాపం, ఇప్పటికీ తిప్పుతున్నాడు.

పిల్లకి చెప్పు. నాకిష్టమే. ఎప్పుడు చేసుకుంటారో వాళ్ళనే తేల్చుకోమను. ఆ అబ్బాయికి ఉన్న భయమే నాకూ ఉంది. అతని ధైర్యం మాత్రం నాకు లేదు.

నొసటి మీద బొప్పితో,
అన్నయ్య

తా.క.: ఇది రాస్తున్నది నేను, మీ వదిన. బొప్పి సంగతి అడిగితే అంతా చెప్పేశారు, కవరు కూడా అంటించే ముందు నాకిచ్చారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ మీ అన్నయ్య నడుస్తూ నడుస్తూ నా మీదికి జరుగుతుంటే ప్రేమనుకుని మురిసిపోయాను వదినా! ఈ ఊళ్ళో ఉన్న మూతలన్నీ తొక్కింది నేనే. నిన్న సాయంత్రం బ్యాంకు ముందు మూత దగ్గర నేను సిమెంటు మీద నిలబడి "ఇవాళ మీరు కానివ్వండి" అన్నాను. ముందు నా ముఖం చూశారు, తర్వాత మూతని చూశారు. చివరికి నా చెయ్యి పట్టుకుని కాలు పెట్టారు.