స్కూటర్ చక్రాలకు క్రోమ్ పూత

సరోజా,

నువ్వు పోయాక ఏడాదిగా మూలనున్న స్కూటర్‌ను మొన్న బయటికి తీసి, చక్రాలకు క్రోమ్ పూత వేయించాను. "పూతతోని బరువు పెరుగుతది, బండి గుంజదు" అని ఉన్నన్నాళ్లూ అడ్డుపడ్డావు కదా. ఇప్పుడది తిరుమలగిరి ఎత్తు అవలీలగా ఎక్కుతోంది. చివరికి నేనే గెలిచానని మెకానిక్ యాదగిరి దగ్గర గొప్పలు పోయాను.

అతను తల గోక్కుని, "క్రోమ్ తోని బరువు జెర పెరుగుతది గానీ తగ్గది సార్. వెనక మేడమ్ లేరు కదా, అందుకే మంచిగ గుంజుతున్నది" అన్నాడు.

ఇంటికొస్తూ నీ బరువుకు సరిపడా రెండు బియ్యం బస్తాలు వెనక కట్టించుకున్నాను. బండి ఎప్పటిలాగే మూలిగింది. స్పీడ్ బ్రేకర్ మీద కావాలనే ఎగిరించాను. వెనక నుంచి ఎవరూ తిట్టలేదు.