పట్టు వదిలించుకోవడం

సకాటా, అక్టోబరు 9

ప్రియమైన కినుయోకి,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. చదివి, మడిచి పెట్టి, టీ కాచుకుని, మళ్ళీ తీసి చదివాను. మొదటిసారి నేనే సరిగ్గా చదవలేదేమో అనుకున్నాను. కాదు. అరవై ఎనిమిదేళ్ళ కినుయో, నాతో పాటు నల్లబెల్టు కట్టిన కినుయో, ఇప్పుడు ఫోనులో వీడియోలు చూసి జూడో పట్లు నేర్చుకుంటోందట. అదీ బట్టలారేసే గొట్టానికి చుట్టిన పరుపు వేలాడదీసి, దానికి పాత జూడో కోటు తొడిగి.

నన్నింత చిన్నబుచ్చుతావనుకోలేదు. ఇరవై ఏళ్ళ కిందట మానేసినదానివి, మళ్ళీ మొదలుపెట్టాలనిపిస్తే నాకొక ముక్క రాయొచ్చుగా. రైలెక్కి వచ్చేదాన్ని. ఇక్కడ నేను జూడో నేర్పే హాల్లో నలుగురు పిల్లలు మిగిలారు, వాళ్ళకీ ఇదే రోగం. మొన్న వాళ్ళలో ఒకడు నన్నే దిద్దాడు. "టీచరు గారూ, వీడియోలో కాలు అలా పెట్టడం లేదండీ" అన్నాడు. నలభై ఏళ్ళుగా ఆ కాలు అక్కడే పెడుతున్నాను నేను.

పైగా నువ్వు నేర్చుకున్నదీ తప్పే. ఎడమ చేత్తో కాలరు, కుడి చేత్తో చొక్కా చెయ్యి పట్టుకుంటున్నానని రాశావు. నువ్వు కుడిచేతి వాటం మనిషివి. వీడియోలో అతను నీకు ఎదురుగా నిలబడ్డాడు, నువ్వు అద్దంలో చూసుకున్నట్టు చూసి చేస్తున్నావు. ఆ మాత్రం చెప్పే దిక్కు ఫోనులో ఉందా? పోనీ ఆ పరుపు చెబుతుందా? పరుపు నెట్టదు, లాగదు, తిరిగి పట్టుకోదు.

ఎండబెట్టిన పెర్సిమన్ పళ్ళు విడిగా పంపుతున్నాను. నీకు కాదు, మీ ఆయన మసనోరికి. ఫోను చేయకు. జూడోలో నలిగిన ఈ చెవులకు నీ గొంతు వినబడదు.

మండిపడుతున్న
హిసాకో


కోబే, అక్టోబరు 15

ప్రియమైన హిసాకో అక్కా,

చేతులు మార్చుకున్నాను. నువ్వు చెప్పింది నిజమే, ఇన్నాళ్ళూ అద్దంలా చేస్తున్నాను. తిట్లు కూడా అందాయి. ఇంకేమైనా మిగిలి ఉంటే అవీ పంపు. కానీ తిట్టడం అయ్యాక దీనికి జవాబు రాయి.

నీకంటే బలమైన మనిషి రెండు చేతులతో నీ కాలరు బిగించి పట్టుకున్నాడనుకో. అతనికి దెబ్బ తగలకుండా విడిపించుకోవడం ఎలా? వీడియోల్లో అన్నీ వేళ్ళు విరిచినట్టు లాగేవే చూపిస్తున్నారు. వేళ్ళకు నొప్పి కలగకూడదు. పడేయాల్సి వస్తే తల నేలకు తగలకూడదు. మనిషి డెబ్బై ఎనిమిది కిలోలుంటాడనుకో. ఇది నాకు నవంబరు ఇరవై లోపల రావాలి.

ఎందుకని అడగకు. పళ్ళు చాలా తియ్యగా ఉన్నాయి. మసనోరి బాగానే ఉన్నాడు.

నీ
కినుయో


సకాటా, అక్టోబరు 18

కినుయో,

"ప్రియమైన" అని రాయబుద్ధి కావడం లేదు, జవాబు చూశాక రాస్తాను.

పరుపుకి డెబ్బై ఎనిమిది కిలోలేమిటి? నువ్వు కాలరు పట్టుకునేంత దగ్గరగా మసిలే డెబ్బై ఎనిమిది కిలోల మనిషి నాకు తెలిసి ఒక్కడే ఉన్నాడు. అతన్ని నువ్వు పెళ్ళి చేసుకున్నావు. సూటిగా అడుగుతున్నా, మసనోరి నీ మీద చెయ్యి చేసుకుంటున్నాడా?

మన రోజుల్లో ఆడవాళ్ళనీ పోటీల్లోకి రానిచ్చి ఉంటే ఆ మనిషిని అందరి ముందూ ఒకసారి చాప మీద పడేసి ఉండేదాన్ని. మగవాళ్ళు పోటీలు ఆడేవారు, మనం పక్కన కూర్చుని పద్ధతిగా వంగి దణ్ణాలు పెట్టడం నేర్చుకున్నాం. అప్పుడు తప్పించుకున్నాడు. అతనికి డెబ్బై ఆరేళ్ళు వచ్చాయని ఇప్పుడు మాత్రం ఊరుకోను. వారంలో జవాబు రాకపోతే బయల్దేరుతున్నాను, జూడో కోటు సర్దేశాను కూడా.

హిసాకో


కోబే, అక్టోబరు 22

ప్రియమైన అక్కా,

కోటు పెట్లోంచి తీసెయ్. అతను నన్ను కొట్టడం లేదు. నన్ను గుర్తుపట్టడం లేదు.

ఏడాదైంది. ముందు పక్కింటివాళ్ళ పేర్లు పోయాయి, తర్వాత మా అబ్బాయి నవోకి పేరు, కొత్త సంవత్సరం నాటికి నా పేరు కూడా. నీకు రాయలేదు. రాస్తే నిజమైపోతుందనిపించింది. జాలి పడతావేమోనని కూడా భయం, నీ జాలి నీ కోపం కంటే భరించలేను.

రోజూ పొద్దున బట్టలు మార్చేటప్పుడే గొడవ. బొత్తాలు పెట్టాలంటే చొక్కా ముందు భాగం పట్టుకోవాలి కదా. నా చెయ్యి కాలరు మీద పడగానే అతనికి జూడో ఆట మొదలైనట్టే. కళ్ళల్లో వెలుగు వస్తుంది, రెండు చేతులతో నా కాలరు దొరకబుచ్చుకుంటాడు. ఆ చేతులకి ఇంకా ముసలితనం రాలేదు. అరగంట దాకా వదలడు. నా మెడ మీద, జబ్బల మీద నల్లగా కమిలిపోయింది. నవోకి చూశాడు. "అమ్మా, ఇది చాలు, నవంబరు ఇరవైన వస్తాను. అప్పటికీ మచ్చలుంటే నాన్నని వృద్ధుల హోంలో చేరుద్దాం" అన్నాడు. కొడుకు మాట్లాడే మాటా ఇది? తన తండ్రిని ఇంట్లో ఉంచుకోవడానికి నేను పరీక్ష రాయాలా? ఆ హోం చూసి వచ్చాను. తిరగబడేవాళ్ళ నడుముకి బెల్టు వేసి కుర్చీకి కట్టేస్తారు. మసనోరి నడుముకి కట్టే బెల్టు అదా అక్కా?

అందుకే వీడియోలు. వెనకటి పట్లు ఏవీ నాకు గుర్తు లేవు. మొన్న భయం వేసి, వీడియోలో చూసిన కాలు తీసే పట్టు అతని మీద వేశాను. వెల్లకిలా పడ్డాడు. తల పగిలిందనుకున్నాను. కానీ గడ్డం రొమ్ముకి ఆనించి, చెయ్యి చాచి చాప మీద చప్పుడయ్యేలా తట్టి, పిల్లలకి చూపించినట్టు పడ్డాడు. చిన్న గీత కూడా పడలేదు. పడి నవ్వాడు. నేను మాత్రం ఇంకోసారి ఆ పని చేయలేను.

నీ
కినుయో


సకాటా, అక్టోబరు 25

ప్రియమైన కినుయో,

ఏడాది. నీ ఇంట్లో ఇంత జరుగుతుంటే నేనిక్కడ పళ్ళు ఎండబెట్టుకుంటూ కూర్చున్నాను. దీనికి నిన్ను తర్వాత తీరిగ్గా తిడతాను, వాయిదా వేస్తున్నానంతే, మర్చిపోను.

ఇప్పుడు విను. చెయ్యి తట్టి పడ్డాడని రాశావు. పడటం గుర్తున్నవాడికి వదలటం గుర్తుండదా? అతని మీద నువ్వు చేయనిది ఒకటే ఉంది. రెండుసార్లు తట్టావా? ఎదుటివాడు రెండుసార్లు తట్టగానే ఎంత బిగించిన పట్టయినా వదిలెయ్యాలి, మనకి ఆటలో మొదటిరోజున నేర్పింది అదే. వీడియోల్లో అది ఉండదు. పది రోజుల్లో పది పట్లు నేర్పేవాళ్ళు ఇక చాలని ఒప్పుకోవడం ఎందుకు నేర్పుతారు?

నువ్వు తట్టి ఉండవు. నాకు తెలుసు నీ సంగతి. ఇరవయ్యేళ్ళప్పుడు హాల్లో సాధన చేస్తూ మసనోరి నీ గొంతు పట్టాడు. నువ్వు తట్టకుండా స్పృహ తప్పి పడిపోయావు. లేచాక అందరి ముందూ "ఎందుకు తట్టలేదు?" అని అడిగాడు, ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా అయిపోయింది అతనికి.

తట్టు.

నీ
హిసాకో


కోబే, అక్టోబరు 28

అక్కా,

తట్టను.

మన నల్లబెల్టు మధ్యలో తెల్లగీత ఎందుకుండేదో నీకు గుర్తు లేదా? ఆడవాళ్ళమని తెలియడానికి. అదే పరీక్ష, అదే చెమట, మనకి మాత్రం గీత. పోటీకి పంపమంటే "మీకెందుకమ్మా, దెబ్బలు తగులుతాయి" అన్నారు. నాకు దొరికిన పోటీ ఆ ఒక్క పట్టే. అందులో ఓడిపోలేదని చెప్పుకోవడానికి స్పృహ తప్పాను. పెళ్ళయ్యాక నలభై మూడేళ్ళలో ఏ తగాదాలోనూ అతని ముందు తట్టలేదు. ఇప్పుడు నేనెవరో తెలియని మనిషికి ఓడిపోయానని చెప్పుకోవాలా? గెలిచినట్టు కూడా గుర్తుండదు అతనికి.

ఇంకో కొత్త వీడియో దొరికింది. మణికట్టు తిప్పి జారిపోవడం. అది నేర్చుకుంటున్నాను.

కినుయో


సకాటా, నవంబరు 1

మొండిదానా,

కార్డు మీద ఇంతే పడుతుంది. తట్టడమంటే ఓడిపోవడమని నీకు ఎవరు చెప్పారు? తడితే వదులుతాడన్న నమ్మకం ఉంది కాబట్టే మనం ఒకరి గొంతు ఒకరి చేతికిచ్చి ఆడాం. ఆ రోజు నువ్వు అతన్ని ఓడించలేదు. అతను నిన్ను చంపేశాననుకున్నాడు. నాతో చెప్పాడు, నీతో చెప్పొద్దన్నాడు. నలభై ఎనిమిదేళ్ళు చెప్పలేదు.

హిసాకో


కోబే, నవంబరు 21

ప్రియమైన హిసాకో అక్కా,

నీ కార్డు మూడు వారాలు ఫ్రిజ్ తలుపుకి పెట్టి ఉంచాను. రోజూ చూసి రోజూ కోపం తెచ్చుకున్నాను. నాతో చెప్పకుండా అతను నీతో ఎందుకు చెప్పాలి? మణికట్టు తిప్పే పట్టు రాలేదు. మచ్చలు పెరిగాయి.

నిన్న పొద్దున్నే నవోకి వచ్చాడు. హోం కాగితాలు తెచ్చాడు. నేను తండ్రికి చొక్కా తొడుగుతుంటే కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. రెండో బొత్తాం దగ్గర మసనోరి నా కాలరు పట్టుకున్నాడు. ఎప్పటి కంటే బిగించాడు. "చూశావా అమ్మా, ఇదే నేను చెప్పేది" అంటూ నవోకి లేచి వచ్చి తండ్రి వేళ్ళు ఒక్కొక్కటీ విరిచినట్టు లాగడం మొదలుపెట్టాడు. మసనోరి ముఖంలో భయం కనిపించింది. ఒకడితో ఆడుతుంటే ఇంకొకడు వెనక నుంచి వచ్చి పట్టుకుంటే ఎవరికైనా భయం వేయదా? నాకు ఒళ్ళు మండిపోయింది. "చెయ్యి తీయరా, ఇది మా ఇద్దరి ఆట" అని కొడుకుని నెట్టేశాను.

నెట్టి, తట్టాను అక్కా. అతని భుజం మీద, రెండుసార్లు.

వదిలేశాడు. నేను చెయ్యి తీసేలోపలే వదిలేశాడు. రెండడుగులు వెనక్కి వేసి, సగం బొత్తాలు పెట్టిన చొక్కా సర్దుకుని, నిటారుగా నిలబడి వంగి దణ్ణం పెట్టాడు. నేనూ వంగాను. మిగిలిన బొత్తాలు పెడుతుంటే కదలకుండా నిలబడ్డాడు. ఆట అయిపోయింది కదా మరి. ఏడాదిగా నేను ఆట ముగించకుండా మధ్యలో విడిపించుకోవాలని చూస్తే, పాపం అతను మాత్రం ఏం చేస్తాడు?

నవోకి ఆ కాగితాలు బ్యాగులో పెట్టేసుకున్నాడు. మధ్యాహ్నం తనూ ఒకసారి తండ్రిని కాలరు పట్టుకోనిచ్చి, తట్టి చూశాడు. వాడినీ వదిలాడు. "వసంతకాలం దాకా చూద్దాం అమ్మా" అన్నాడు. ఆ మాటకి కూడా నాకు కోపమే, కానీ టీ ఇచ్చాను.

అసలు సంగతి ఇంకా రాయలేదు. ఆఖరి బొత్తాం పెట్టాక మసనోరి నా మెడ వంక చూశాడు. కమిలిన చోట వేలితో మెల్లగా తాకాడు. తర్వాత నా ముఖంలోకి చూసి, ఊపిరి వదిలి, "ఈసారి తట్టావు" అన్నాడు.

నా పేరు ఇప్పటికీ తెలియదు. మధ్యాహ్నం నన్ను ఎవరో పరాయి మనిషి అనుకుని "ఏవండీ" అని పిలిచాడు. నలభై ఎనిమిదేళ్ళ కిందటి ఆ రోజు ఒక్కటి మాత్రం ఈ మతిమరుపుకి కూడా ఇవ్వకుండా దాచుకున్నాడు, ఆ మొండిమనిషి.

మొదటిసారి ఓడిపోయిన నీ చెల్లెలు
కినుయో