ఫీజు లేని పిల్లలు కూర్చునే చోటు

అబ్బాయికి, నేనూ మనవరాలూ క్షేమంగా చేరి మీ చెల్లెలి ఇంట్లో దిగాం.

సర్కారు కాలేజీలో మనలాంటి బీదవాళ్ళ పిల్లలకి ఫీజు లేదన్న మాట నిజమే. సోమవారం లోపల తండ్రి వచ్చి సంతకం పెట్టాలట, అందాకా క్లాసులో కూర్చోనిస్తారట. ఊరికే వచ్చే చదువైతే పిల్లని చులకన చేస్తారని నువ్వు కోప్పడ్డావు. నాకూ లోపల ఆ బెదురే ఉంది. నా చిన్నప్పుడు మా బడిలో ఫీజు కట్టలేని వాళ్ళం వెనక గోడ వారన నేల మీద కూర్చునేవాళ్ళం. అందుకని ఇవాళ చాప చుట్టి చంకన పెట్టుకుని వెళ్ళాను. పిల్ల దారి పొడుగునా నా పక్కన నడవలేదు.

క్లాసు గుమ్మంలో పంతులమ్మ ఆపింది. "ఈ చాప ఎందుకు తాతగారూ?"

"మా పిల్లకి ఫీజు లేదమ్మా. కూర్చోడానికి."

నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. "ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో నాకే తెలీదండీ. ఖాళీ ఉన్న బెంచీ మీద కూర్చోమనండి."

"విన్నావుగా తాతయ్యా, నా పరువు తీసింది చాలు, ఇంక బయల్దేరు" అని మన పిల్ల తిన్నగా పోయి ముందు వరసలో కూర్చుంది. కిటికీలోంచి కాసేపు చూశాను. అందరిలో తనూ ఒకతి. వేరుగా ఏమీ కనపడలేదు.

నిచ్చెన మెట్టు బాగుచేయించావా? చేయించందే రంగులెయ్యడానికి ఎక్కకు. కోడలి దగ్గు ఎలా ఉంది? మీ ఇద్దరికీ నా దీవెనలు.

నాన్న వస్తాడా అని సాయంత్రం పిల్ల అడిగింది. నిన్ను అడక్కుండానే, వస్తాడని చెప్పేశాను.

మీ నాన్న