సమ్మె టెంటులో గురక

ఎల్బీనగర్,
అక్టోబరు 2011

పెంటమ్మ వదినకు దండాలు.

మీ తమ్ముడు క్షేమం. "గా ఇంగ్లీషు గోలీలు బంద్ చేయించు, నేనొచ్చి పసరు పోస్త" అని మీరు కబురు పంపారు. అందుకే భయపడి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముక్కు వెనక క్యాన్సర్‌కు ఆ రేడియేషన్ కరెంటు పెట్టించాక జబ్బు తగ్గింది కానీ, ఆయనకు నీరసం పోలేదు. నడి ఎండాకాలంలో స్వెట్టర్ వేసుకునేవారు. తెలంగాణ కోసం బస్సుల సమ్మె మొదలయ్యాక తోటి కండక్టర్లతో దిల్‌సుఖ్‌నగర్ టెంటులో కూర్చున్నారు. అందరూ "జై తెలంగాణ" అంటుంటే ఈయన గురక పెట్టారు.

"ఏందన్నా, నీకు తెలంగాణ వద్దా?" అని ఎవరో ఎగతాళి చేశారు. పాపం, రోషంతో లేచి నినాదం ఎత్తుకోబోయి కుప్పకూలారు.

దవాఖానలో రక్తపరీక్షలు చూసిన డాక్టరమ్మ, "అప్పటి కరెంటుకు మెదడు కింద పిట్యూటరీ గ్రంథి దెబ్బతిన్నదమ్మా. ఒంటికి సత్తువిచ్చేది అదే. అది గూడ సమ్మెల కూసున్నది" అని నవ్వింది. క్యాన్సర్ తిరిగి రాలేదని కూడా చెప్పింది. అప్పుడు నేనూ నవ్వగలిగాను.

ఆ గ్రంథి చేయాల్సిన పని ఇప్పుడు ఈ గోలీలే చేస్తున్నాయి, జన్మంతా వేసుకోవాలి. ఆపితే ప్రాణానికే ముప్పట. మీ పసరు మోకాళ్లకు పనికొస్తే నాకు పంపండి, ఆయన జోలికి మాత్రం రావద్దు.

ఇప్పుడు టెంటులో అందరికంటే ఆయన గొంతే పెద్దది. నిన్న ఇంటికొచ్చి, "పప్పుల ఉప్పేదే?" అని నా మీదా అరిచారు. ఇన్నాళ్లూ ఏది పెట్టినా పలకకుండా మింగిన మనిషి! వంటింట్లోకి వెళ్లి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ ఏడ్చాను.

ఉప్పు సరిగ్గానే వేశాను వదినా.

మీ మరదలు